బాండు ఉంది సరే, లోపల ఏం రాసుందో చూశారా?

ఈ నెల ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే సగం పైన ఇన్సూరెన్స్ గొడవలే. ఎవరిది తీసినా ఒకటే మాట, ఏజెంట్ అలా చెప్పాడు, బ్యాంకు వాళ్ళు ఇలా చెప్పారు అని. క్లెయిం టేబుల్ అవతల 14 ఏళ్ళు కూర్చున్నదాన్ని, అక్కడికి ఏజెంట్ మాట రాదండి, కాగితమే వస్తుంది. చోటు ఉన్నంతవరకు ఏడు ఉత్తరాలకి జవాబులు ఇస్తున్నా.

ప్రశ్న: మేడం గారూ, మాది గుంటూరు. ఇంట్లో నలుగురికీ కలిపి 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ ఉంది, 6 ఏళ్ళుగా ఒక్క క్లెయిం కూడా చెయ్యకుండా కడుతున్నాం. మొన్న మావారికి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని ఆపరేషన్ చేశారు. బిల్లు 1,80,000 అయితే కంపెనీ 1,25,000 ఇచ్చి ఊరుకుంది. అదేంటంటే పెద్ద రూం తీసుకున్నారు అంటున్నారు. రూం తేడా రోజుకి 3,000, మూడు రోజులకి 9,000. అది మేం పెట్టుకుంటాం సరే, 55,000 ఎలా కట్ చేస్తారు? ఇది మోసం కాదా?

జవాబు: మోసం కాదమ్మా, మీకు ముందు ఎవరూ చెప్పని లెక్క. మీరు పంపిన బిల్లు, పాలసీ కాపీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. రూం రెంట్ రోజుకి సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం అని మీ పాలసీలో ఉంది, చిన్న అక్షరాల్లో, ఎవరి కంటా పడని చోట. 5 లక్షల్లో 1 శాతం అంటే 5,000. మీరు దిగింది 8,000 రూంలో. ఇక్కడిదాకా మీ లెక్క కరెక్టే, తిరకాసంతా తర్వాత ఉంది. హాస్పిటల్లో రూం పెద్దదైతే రూం రెంట్ ఒక్కటే పెరగదు, సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీ, నర్సింగ్ ఇవన్నీ కూడా ఏ రూంలో ఉన్నారో దాన్నిబట్టే వేస్తారు, అందుకని కంపెనీ ఏమంటుందంటే మీకు 8లో 5 వంతుల రూమే ఉంది కాబట్టి ఆ ఫీజులు కూడా 8లో 5 వంతులే ఇస్తాం అంటుంది. మీ బిల్లులో ఆ ఫీజులు 96,000, వాళ్ళిచ్చింది 60,000. అక్కడ పోయినవి 36,000, రూం మీద 9,000, గ్లౌజులూ అడ్మిషన్ కిట్టూ రిజిస్ట్రేషనూ అంటూ 'నాన్ పేయబుల్' కింద ఇంకో 10,000. కూడితే మీ 55,000.

మందులు 32,000, టెస్టులు 18,000 మాత్రం పైసా తగ్గకుండా ఇచ్చారు చూడండి. అది వాళ్ళ దయ కాదు, మందులు, లోపల వేసే ఇంప్లాంట్లు, టెస్టుల మీదా ఐసీయూ చార్జీల మీదా ఈ వంతుల లెక్క వెయ్యకూడదని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ రూలు ఉంది. కొందరికి వీటి మీద కూడా కోసేస్తారు, మనం నోరెత్తం, పోతుంది.

మీకు ఇంకో దారి కూడా ఉంది. కొన్ని హాస్పిటళ్ళలో ఏ రూంలో ఉన్నా సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ ఒకటే రేటు. అలాంటి చోట ఈ కోత పెట్టకూడదు. మీ హాస్పిటల్ బిల్లింగ్‌కి వెళ్ళి రూంని బట్టి ఫీజులు మారతాయా అని అడగండి, మారవంటే అదే మాట లెటర్‌హెడ్ మీద రాయించుకుని కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి పంపండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది మీకు నచ్చకపోయినా, హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే బీమా లోక్‌పాల్ ఆఫీసు ఉంది, రెండు తెలుగు రాష్ట్రాలకీ యానాంకీ అదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా కేసులు చూస్తారు, కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాదిలోపు వెళ్ళాలి.

ఇంత చెప్తున్న నేనే మా అమ్మ మోకాలి ఆపరేషన్ అప్పుడు తడబడ్డాను. అడ్మిషన్ కౌంటర్లో అమ్మాయి "షేరింగ్ రూములు ఖాళీ లేవు మేడం, డీలక్స్ ఇచ్చేస్తున్నా" అంటే, అమ్మ వీల్‌చైర్లో నొప్పితో మూలుగుతుంటే, సరే కానివ్వమ్మా అనేశా. సంతకం పెట్టి లిఫ్ట్ దాకా వెళ్ళాక గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తా. "మా పాలసీకి రోజుకి ఇంత రూమే, ఖాళీ లేదంటే అదే మాట రాసివ్వండి" అన్నా, అంతే, పది నిమిషాల్లో షేరింగ్ రూం ఎక్కడినుంచో ఊడిపడింది.

రెన్యువల్‌కి 45 రోజుల ముందే అప్లై చేస్తే రూం లిమిట్ లేని వేరే కంపెనీ పాలసీకి మారిపోవచ్చు, దీన్ని పోర్ట్ అవ్వడం అంటారు, ఈ 6 ఏళ్ళ సీనియారిటీ పోదు. కాకపోతే కొత్త కంపెనీ ఒప్పుకోవాలి, వాళ్ళ దగ్గర్నుంచి సరే అని రాకుండా పాతది ఆపెయ్యకండి.

ప్రశ్న: నమస్తే మేడం, రాజమండ్రి నుంచి రాస్తున్నా. రెండేళ్ళ క్రితం నాన్నగారికి హెల్త్ పాలసీ తీసుకున్నాం. ఆయనకి 9 ఏళ్ళుగా షుగర్. ఏజెంట్ అంకుల్ మా చుట్టమే, షుగర్ అని రాస్తే ప్రీమియం పెరిగిపోద్ది, ఎవరూ చూడరులే అని ఆయనే ఫారం నింపేశాడు. ఇప్పుడు భయమేస్తోంది. ఏం చెయ్యాలి?

జవాబు: ఎవరూ చూడరు అన్నది సగం నిజం బాబూ. ప్రీమియం తీసుకునేటప్పుడు ఎవరూ చూడరు, క్లెయిం వచ్చినప్పుడే చూస్తారు. నాన్నగారు హాస్పిటల్లో చేరగానే డ్యూటీ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నే షుగర్, బీపీ ఎన్నాళ్ళ నుంచి అని, ఆయన నిజాయితీగా తొమ్మిదేళ్ళండీ అంటారు, అది కేస్ షీట్‌లో ఎక్కుతుంది, ఆ కేస్ షీట్ కంపెనీకి వెళ్తుంది. నేను చూసిన రిజెక్షన్లలో చాలావాటికి సాక్షి పేషెంటే.

పాలసీ బుక్ వెనకాల ప్రపోజల్ ఫారం కాపీ ఉంటుంది, తీసి చూడండి. షుగర్ దగ్గర 'లేదు' అని ఉంటే కంపెనీకి మీరే రాయండి, ఈ వివరం ఫారంలో తప్పుగా పడింది, సరిచెయ్యండి అని, రిపోర్టులు జత చేసి. ప్రీమియం పెంచొచ్చు, షుగర్‌కి వెయిటింగ్ పీరియడ్, అంటే ఇన్నాళ్ళదాకా దానికి క్లెయిం ఇవ్వం అనే గడువు, పెట్టొచ్చు, పాలసీ రద్దు చేసినా చెయ్యొచ్చు, ఆ రిస్కు ఉంది, దాచి లాభం లేదు. 2024 ఏప్రిల్ నుంచి పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ 36 నెలలకి మించకూడదు, అంతకుముందు 48 ఉండేది. అసలు ఆరోజే నిజం రాసుంటే ఇప్పటికి మూడింట రెండొంతులు అయిపోయేది కదా!

ఐదేళ్ళు ఆగితే ఏం అడగరంట కదా అని మీలాంటివాళ్ళు అడుగుతుంటారు. ఆపకుండా 60 నెలలు కట్టాక వివరాలు చెప్పలేదని క్లెయిం ఆపకూడదు, నిజమే, కానీ కావాలని మోసం చేశారని రుజువు చేస్తే అప్పుడూ ఆపొచ్చు. అయినా ఇంకో మూడేళ్ళు నాన్నగారు హాస్పిటల్ మెట్లెక్కకూడదని మొక్కుకుని కూర్చుంటారా?

ఆ చుట్టం అంకుల్‌ని ఏమనకండి, పండక్కి మొహాలు చూసుకోవాలి. ఈసారి ఫారం మాత్రం మీరే నింపండి. కొత్త పాలసీ చేతికొచ్చాక 30 రోజులు ఫ్రీ లుక్ టైం ఉంటుంది, చదివి నచ్చకపోతే వాపస్ ఇచ్చేయొచ్చు.

ప్రశ్న: మేడం, మాది కరీంనగర్. మా పక్క గల్లీల గ్యాస్ బండ లీకై మంటలు లేసినయ్, ఒకామెకు చేతులు కాలినయ్, కిచెన్ మొత్తం పోయింది. వాట్సాప్‌ల 50 లక్షల ఇన్సూరెన్స్ ఉంటదని తిరుగుతున్నది. నిజమేనా? ఎవరిని అడగాలె?

జవాబు: ఇన్సూరెన్స్ ఉన్నమాట నిజం, 50 లక్షలు మాత్రం వాట్సాప్ వాళ్ళ ఉదారత. ఇండేన్, భారత్ గ్యాస్, హెచ్‌పీ మూడు కంపెనీలూ కస్టమర్ల తరఫున పబ్లిక్ లయబిలిటీ పాలసీ తీసుకుంటాయి, మనం కట్టేది ఏమీ లేదు. గ్యాసే మూలమైన ప్రమాదంలో మనిషి పోతే ఒక్కొక్కరికి 6 లక్షలు. గాయాల ట్రీట్‌మెంట్‌కి ఒక ప్రమాదానికి 30 లక్షల దాకా, అందులో ఒక్కో మనిషికి 2 లక్షలకి మించదు. ఇంటి నష్టానికి 2 లక్షల దాకా, అదీ కనెక్షన్ ఏ అడ్రస్ మీద రిజిస్టర్ అయిందో ఆ ఇంట్లో జరిగితేనే.

దెబ్బ తగిలేది ఈ చివరి మాట దగ్గరే. అద్దె ఇల్లు మారతాం, బండ మాత్రం పాత అడ్రస్ మీదే వస్తుంటుంది, డెలివరీ అబ్బాయికి ఫోన్ చేసి కొత్తింటికి తెప్పించుకుంటాం. ఇవాళే అడ్రస్ మార్పించుకోండి. ట్యూబు మీద ఐఎస్ఐ మార్కు, తేదీ కూడా చూడండి, ఎంక్వైరీకి వచ్చినవాళ్ళు మొదట చూసేవి అవే.

మీ పక్క గల్లీ ఆమె ముందుగా డిస్ట్రిబ్యూటర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి, పోలీసు రిపోర్టు, హాస్పిటల్ బిల్లులు దాచుకోవాలి. డిస్ట్రిబ్యూటర్ ఆయిల్ కంపెనీకి, వాళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీకి పంపుతారు, ఆమె నేరుగా ఇన్సూరెన్స్ ఆఫీసుకి తిరగక్కర్లేదు. కిచెన్ కడిగేయకముందే ఫోటోలు తియ్యమనండి.

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్ మాది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు కింద పోర్షన్ పైకప్పు దగ్గరదాకా మునిగింది. హోం లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్ళు 62,000 ఇన్సూరెన్స్ కట్టించారు, ఇంటికి ఇన్సూరెన్స్ ఉందన్న ధైర్యంతో వెళ్తే అది ఇంటికి కాదు అన్నారు. మరి అది దేనికి? ఇప్పుడు ఇంటికి తీసుకోవాలంటే ఎలా?

జవాబు: ఆ 62,000 మీ ప్రాణానికండీ, ఇంటికి కాదు. లోన్ తీసుకున్న మనిషి మధ్యలో పోతే మిగిలిన అప్పు తీర్చే పాలసీ అది. పనికిరానిదేం కాదు, కాకపోతే గోడలకీ ఫ్రిజ్‌కీ దానికీ సంబంధం లేదు. లోన్ సంతకాల రోజు ముప్పై చోట్ల ఇంటూ మార్కు పెట్టి ఇస్తే మనం గబగబా గీకేసి వస్తాం, ఏ పేజీలో ఏముందో చూసే ఓపిక ఎవరికుంటుంది?

ఇంటికి అడగాల్సింది 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ. 2021 ఏప్రిల్ నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ ఒకటే షరతులతో అమ్మాలని ఐఆర్‌డీఏఐ పెట్టింది. అగ్నిప్రమాదం, వరద, తుఫాను, భూకంపం, పిడుగు, ట్యాంకు పగిలి నీళ్ళు రావడం ఇవన్నీ అందులోనే. ఇల్లు అమ్మితే కోటిన్నర వస్తుంది కాబట్టి కోటిన్నరకి చేయించాలి అనుకోకండి, స్థలం ఎక్కడికీ కొట్టుకుపోదు. మళ్ళీ కట్టడానికి ఎంత అవుతుందో అంతకే. 1,000 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకి 2,000 ఖర్చు అనుకుంటే 20 లక్షలు. దాంట్లో 20 శాతం, అంటే 4 లక్షలు, ఇంట్లో సామానుకి దానంతటదే వస్తుంది, ఇలా వచ్చేది 10 లక్షలకి మించదు. బంగారం ఇందులో లేదు, విడిగా అడిగి రాయించుకోవాలి. మామూలు దొంగతనం కూడా లేదు, వరదో మంటో వచ్చిన 7 రోజుల్లోపు ఆ అదునులో ఎవరైనా ఎత్తుకెళ్తేనే ఇస్తారు. అద్దెకుండేవాళ్ళు సామాను వరకే తీసుకోవచ్చు. ప్రీమియం విన్నాక చాలామంది నమ్మరు, కారు ఇన్సూరెన్స్ కంటే బాగా తక్కువ ఉంటుంది.

మళ్ళీ అలాంటి రోజు రాకూడదు, వస్తే మాత్రం బురద కడిగే ముందు గోడమీద నీటి గీత కనపడేలా ఫోటోలు తీసి కంపెనీకి ఫోన్ చెయ్యండి, సర్వేయర్ వచ్చేదాకా తడిసిన పరుపులు, వాషింగ్ మిషన్ పారెయ్యొద్దు. మునిగిన కారు తాళం తిప్పి చూడొద్దు, నీళ్ళు వెళ్ళిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో ఇవ్వరు, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా ఉండాలి.

ప్రశ్న: ఒంగోలులో పెయింట్ల షాపు మాది. మావారి పేరు మీద నాలుగు మనీబ్యాక్ పాలసీలు, ఏడాదికి 42,000 కడుతున్నాం, మొత్తం కవరేజి 6 లక్షలు. షాపు మీద అప్పు 11 లక్షలు. మనిషి పోతేనే డబ్బులొచ్చే టర్మ్ పాలసీ తీసుకోమంటే ఏమీ తిరిగి రాదు కదా దండగ అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: ఆయనతో నేను ఒప్పుకోను. అప్పు 11 లక్షలు, కవరేజి 6 లక్షలు, ఆయనకేమైనా అయితే అప్పులవాళ్ళకి పోగా మీకు మిగిలేది ఏమీ లేదు, పైగా 5 లక్షల బాకీ. షాపు షట్టర్‌కి తాళం కొంటే, ఏ దొంగా రాలేదు కాబట్టి తాళం డబ్బులు దండగ అంటారా? సంపాదించే మనిషికి ఏడాది ఆదాయానికి పదింతలకి తక్కువ కాకుండా, దానిపైన అప్పు ఎంతుందో అంత కలిపి టర్మ్ పాలసీ ఉండాలి.

పాత బాండ్లు ఆవేశపడి సరెండర్ చెయ్యకండి. ముందు టర్మ్ పాలసీ చేతికి రానివ్వండి, తర్వాత ఒక్కో బాండుకీ సరెండర్ చేస్తే, అంటే ఇప్పుడే వాపస్ ఇచ్చేస్తే ఎంత, పెయిడప్ చేస్తే, అంటే ఇక కట్టకుండా అలాగే ఉంచేస్తే ఎంత అని బ్రాంచిలో రాయించుకుని చూడండి. సిగరెట్ అలవాటుంటే ఉందనే రాయించండి.

వ్యాపారస్తులు కాబట్టి ఇంకోటి. పాలసీ కొనేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద కావాలని, ఎండబ్ల్యూపీ అంటే వాళ్ళకి అర్థమవుతుంది, అడిగి మీ పేరు, పిల్లల పేర్లు రాయిస్తే ఆ డబ్బు అప్పులవాళ్ళకి అందదు, మీకే వస్తుంది. కొన్న తర్వాత పెట్టించడం కుదరదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ప్రశ్న: ఆంటీ, నేను డాలస్‌లో ఉంటాను, అమ్మానాన్న హనుమకొండలో. నాన్నకి 72, అమ్మకి 68. వయసు దాటిందని ఏ కంపెనీ హెల్త్ పాలసీ ఇవ్వట్లేదు అంటున్నారు.

జవాబు: వయసు దాటిందని అప్లికేషన్ కూడా తీసుకోకపోవడం ఇప్పుడు కుదరదమ్మా, 2024 ఏప్రిల్ నుంచి ఎంట్రీకి పై వయసు లిమిట్ పెట్టకూడదు. టెస్టులు చేసి ఆరోగ్యం చూసి కాదనొచ్చు, అది వేరు. అమ్మకి ముందు ప్రయత్నించండి. కో పే 20 శాతమో ఎంతో ఉంటుంది, అంటే ప్రతి బిల్లులో అయిదో వంతు మీదే, అది అడిగి తెలుసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి ఇండివిడ్యువల్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, ఏజెంట్ పాత కొటేషన్ చూపిస్తే కొత్తది అడగండి.

నాన్నకి 70 దాటింది కాబట్టి ఆధార్‌తో ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షల దాకా హాస్పిటల్ ఖర్చు వస్తుంది, లిస్టులో ఉన్న హాస్పిటళ్ళలోనే నడుస్తుంది. మీ ఇంటికి దగ్గర్లో ఏవున్నాయో ఇప్పుడే చూసి ఫ్రిజ్ మీద అతికించండి.

ప్రశ్న: మేడం, మాది పలాస. మావారు మార్చిలో గుండెపోటుతో పోయారు, 44 ఏళ్ళు. ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్. ఇన్సూరెన్సులు ఏమైనా ఉన్నాయో లేవో నాకు ఏమీ తెలీదు, ఆయనే చూసుకునేవారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, బీరువా వెతకడం ఎవరికైనా అప్పజెప్పి మీరు ముందు ఆయన పాస్‌బుక్‌లు పట్టుకుని బ్యాంకుకి వెళ్ళి ఎంట్రీలు వేయించండి. మే ఆఖర్లోనో జూన్ మొదట్లోనో 436 రూపాయలు కట్ అయ్యాయేమో చూడండి. అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, నామినీకి 2 లక్షలు, గుండెపోటుకీ వర్తిస్తుంది. రెండు బ్యాంకుల్లో కట్ అయినా వచ్చేది ఒక్క 2 లక్షలే. 20 రూపాయలు కట్ అయి ఉంటే అది సురక్ష బీమా, ప్రమాదాలకే, ఈ క్లెయింకి రాదు. ఎంట్రీల్లో ఏ ఇన్సూరెన్స్ కంపెనీ పేరు కనపడినా, నెలకోసారో ఏడాదికోసారో, రాసిపెట్టుకోండి.

రెండోది ఆయన ఆఫీసు. జీతంలో పీఎఫ్ కట్ అయ్యేదా? అయితే ఈడీఎల్ఐ అని ఒక బీమా ఉంటుంది, దానికి ఉద్యోగి ఒక్క పైసా కట్టడు కాబట్టి ఇంట్లోవాళ్ళకి దాని పేరే తెలీదు. ఉద్యోగంలో ఉండగా పోతే 7 లక్షల దాకా వస్తుంది. హెచ్ఆర్ వాళ్ళని పీఎఫ్ డబ్బులు, పెన్షన్‌తో పాటు ఈడీఎల్ఐ ఫారం కూడా ఇవ్వమని నోరు తెరిచి అడగండి, కొన్ని చోట్ల వాళ్ళకే గుర్తుండదు. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ ఉందేమో కూడా అప్పుడే అడగండి. ఇంటికో బండికో లోన్ ఉంటే, పైన సింగ్‌నగర్ వాళ్ళకి చెప్పానే, ఆ లోన్ పాలసీ ఉందేమో బ్యాంకులో అడిగి తెలుసుకోండి, అది తేలేదాకా ఎవరి మాటా విని లోన్ మొత్తం కట్టెయ్యకండి.

ఏదైనా లైఫ్ పాలసీ బయటపడి, తీసుకుని మూడేళ్ళు దాటి ఉంటే, మధ్యలో ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టింది కాకపోతే, బీపీ దాచాడు, అది దాచాడు అని ఆపడానికి కంపెనీకి వీల్లేదు. ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ అని క్లెయిం కాగితం మీదే రాసివ్వండి.

డెత్ సర్టిఫికెట్ జిరాక్సులు ఒక పదిహేను తీయించి సంతకం పెట్టించుకోండి, ఒరిజినల్ చూపించి తెచ్చుకోండి, ఎక్కడా వదిలి రావద్దు. ఎవరైనా ఫోన్ చేసి మీవారి పాలసీ డబ్బులు రిలీజ్ అవ్వాలంటే ముందు చార్జీలు కట్టమంటే పెట్టెయ్యండి, ఇలాంటి టైంలో ఆ ఫోన్లు వస్తాయి. పాస్‌బుక్‌లో ఏం కనపడిందో రాసి పంపండి, ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో ఒక్కోటీ విడిగా చెప్తాను.